సమ్మతి వయసు ఒక్కో దేశంలో ఒక్కో విధంగా ఎందుకుంది?

ప్రశ్న:
లైంగిక సంబంధానికి సమ్మతి తెలిపే వయసు చట్టప్రకారం జర్మనీలో 14, ఫ్రాన్స్‌లో 15, బ్రిటన్‌లో 16, భారతదేశంలో 18 అని చదివాను. పిల్లలను కాపాడటమే అన్ని చట్టాల ఉద్దేశమైతే ఇంత తేడా ఎలా వచ్చింది? వయసు తక్కువగా ఉన్న దేశాలు పిల్లల రక్షణను తేలికగా తీసుకుంటున్నాయా?

జవాబు 1:
ఆ అంకె ఒక్కటే చూస్తే పొరబడతాం. పెద్దవారు చిన్నవారి అమాయకత్వాన్ని వాడుకున్నారా, వారిపై అధికారం ఉన్న స్థానంలో ఉన్నారా అన్నవి కూడా చాలా చట్టాలు పట్టించుకుంటాయి. జర్మనీలో 21 ఏళ్లు దాటిన వ్యక్తి, 16 నిండనివారి అపరిపక్వతను అవకాశంగా తీసుకుంటే అది నేరమే. కెనడా 2008లో ఈ వయసును 14 నుంచి 16కు పెంచినప్పుడు, 14, 15 ఏళ్లవారికి తమకంటే ఐదేళ్లలోపు పెద్దవారితో ఉన్న సంబంధాన్ని మినహాయించింది. అయితే ఆ పెద్దవారు ఉపాధ్యాయుల వంటి నమ్మకస్థానంలో ఉంటే మినహాయింపు ఉండదు, 18 నిండేవరకు ఆ సమ్మతి చెల్లదు. ఇంగ్లండులోనూ ఇలాంటి నియమమే ఉంది; 2022లో క్రీడా శిక్షకులను, మతబోధకులను దాని పరిధిలోకి తెచ్చారు. నా దృష్టిలో ఇది అన్నిటికంటే ముఖ్యమైన రక్షణ, ఎందుకంటే ఎదురు చెప్పలేని చోట పలికిన 'సరే' అనే మాట సమ్మతి కాదు.

జవాబు 2:
చరిత్ర కూడా ఒక కారణం. భారత శిక్షాస్మృతి 1860లో ఈ వయసును పదేళ్లుగా పెట్టింది. ఫుల్మణి దాసి అనే బాలిక 1890లో భర్త బలవంతపు సంభోగం వల్ల చనిపోవడం పెద్ద కలకలం రేపగా, 1891లో దాన్ని 12కు పెంచారు. జపాన్‌లో 1907 నాటి 13 ఏళ్ల హద్దు 2023 వరకు మారలేదు, అప్పుడు 16 అయింది. ఫిలిప్పీన్స్ 2022లో 12 నుంచి 16కు పెంచింది. తేడాలు ఉన్నా, పాత హద్దులు మారిన ఈ దేశాలన్నిటా అవి పైకే జరిగాయి.

జవాబు 3:
భారతదేశంలో 2012 నాటి పోక్సో చట్టం (పిల్లలను లైంగిక నేరాల నుంచి కాపాడే చట్టం) 18 అని నిర్ణయించింది కాని, దగ్గర వయసువారికి కెనడాలో ఉన్నటువంటి మినహాయింపు ఇవ్వలేదు. అందువల్ల పదిహేడేళ్ల అమ్మాయి ఇష్టపడిన పంతొమ్మిదేళ్ల యువకుడు కూడా నిందితుడు కావచ్చు. 2023లో, చట్టాల్లో మార్పులపై ప్రభుత్వానికి సలహాలిచ్చే లా కమిషన్ వయసును తగ్గించవద్దంటూనే, 16 నుంచి 18 ఏళ్లవారి కేసుల్లో శిక్ష విషయమై న్యాయమూర్తికి కొంత విచక్షణ ఉండాలని సూచించింది. వయసును దించకుండానే ఇలాంటి వెసులుబాటు కల్పించడం సబబని నేను నమ్ముతున్నాను.