అంటింది గానీ పట్టలేదు

ఇంట్లో గోడకు టైల్స్ వేయిస్తున్నప్పుడు మేస్త్రీగారి నోట విన్న మాట ఇది. ముందురోజు అంటించిన వరుసలో ఒక టైల్‌ను వేలి కణుపుతో తట్టి, "అంటింది గానీ పట్టలేదండీ" అంటూ ఊడదీశారు. దాని వెనక నాలుగు మూలలా నాలుగు ముద్దలు, నడుమ ఒకటి. మిగతాదంతా ఖాళీ. తడితే డొల్ల శబ్దం వచ్చింది అందుకే. అంటడం, పట్టడం ఒకటే అనుకుని ఇన్నేళ్ళూ మాట్లాడుతున్న నాకు ఆ రోజు మనసంతా ఆ మాట మీదే ఉండిపోయింది.

ఆలోచిస్తే ఈ తేడా రోజూ మన నోట్లో ఉన్నదే. చేతికి రంగు అంటింది అంటే కడుక్కుంటే పోతుంది. బట్టకు రంగు పట్టింది అంటే పోగుపోగులోకీ దిగింది. కాలికి బురద అంటింది అంటాం, గోడకు నాచు పట్టింది అంటాం. ఇనుముకు తుప్పు అంటిందని ఎవరూ అనరు. అంటడానికి పైపొర చాలు. పట్టాలంటే లోపలికి దిగాలి, లేదా గట్టిగా ఒడిసిపట్టాలి.

టైల్ పనిలో ఇది అక్షరాలా నిజం. గోడకు వేసే మామూలు సిరామిక్ టైల్ తన బరువులో 10 శాతానికి మించి నీరు పీలుస్తుంది. అందుకే సిమెంటు మీద వేసేముందు దాన్ని నీళ్ళలో నానబెడతారు. పొడిగా వేస్తే సిమెంటులోని తడినంతా అదే తాగేస్తుంది, తడి లేని సిమెంటు గట్టిపడదు. విట్రిఫైడ్ టైల్, అంటే గాజులా గట్టిపడేదాకా కాల్చిన టైల్, సంగతి వేరు. అది పీల్చే నీరు అర శాతానికి మించదు. సిమెంటు పాలు దిగడానికి దానిలో దాదాపు రంధ్రాలే ఉండవు కాబట్టి ఉత్త సిమెంటు దానికి అంటుతుంది, పట్టదు. పాలిమర్ కలిసిన గమ్ము కావాలి. ఆ గమ్మును పళ్ళున్న తాపీతో ఒకే దిక్కుకు చాళ్ళలా గీసి, టైల్‌ను ఆ చాళ్ళకు అడ్డంగా కాస్త జరుపుతూ నొక్కాలి. అప్పుడు గాలి బయటికి పోయి చాళ్ళన్నీ పరుచుకుంటాయి. పని మొదట్లోనే ఒక టైల్ వెంటనే ఊడదీసి వెనక చూసుకుంటే పట్టుతుందో లేదో తెలిసిపోతుంది.

నా బాధ ఇంకోటి ఉంది. ఈమధ్య ఇలాంటి సామాను డబ్బాల్లో వచ్చే తెలుగు సూచనల్లో అన్నిటికీ ఒకటే క్రియ: "ఇన్‌స్టాల్ చేయండి". కొన్నిట్లో "స్థాపించండి" అని కూడా చూశాను. స్థాపించడానికి అది సంస్థా? టైల్, గమ్ము, ప్యానెల్ లాంటి పేర్లు బయటినుంచి వచ్చినా నాకు అభ్యంతరం లేదు. క్రియ పోతే మాత్రం పని ఎలా చేయాలో చెప్పే భాగమే పోతుంది. నేలకైతే పరుస్తాం, గోడకు పరచలేం. టైల్ అంటిస్తాం, పలుచటి ప్యానెల్ అతికిస్తాం, చెక్క పలక బిగిస్తాం, రంగురాళ్ళు పొదుగుతాం, రేకు తొడిగితే తాపడం చేశామంటాం. "బిగించండి" అని చదవగానే చెయ్యి మరమేకుల కోసం వెతుకుతుంది. "అతికించండి" అంటే జిగురు కోసం. "ఇన్‌స్టాల్ చేయండి" అంటే దేనికోసం వెతకాలి?

జవాబు:
బాగా చెప్పారండీ. ఒక్క సందేహం. "నిప్పు అంటుకుంది" అంటాం కదా. నిప్పు పైపొరతో ఆగదు. మరి అక్కడ "పట్టింది" అని ఎందుకు అనం?

జవాబు:
మంచి ప్రశ్న అడిగారు, పైపొర అన్న నా మాట సరిచేసుకోవాలి. అంటు అనే మాట తాకడం వరకే చెబుతుంది, ఎంత లోతుకు వెళ్ళిందన్నదానితో దానికి సంబంధం లేదు. ఇల్లు అంటుకుంది అంటే నిప్పు తగిలి రాజుకుంది అని, అంతే. దీపం అంటించడమూ అంతే, అంటురోగమూ అంతే. పట్టు మాత్రం తాకిన తర్వాతి సంగతి: నిలిచిందా, వదలకుండా ఉందా. మేస్త్రీగారు రెండు మాటలూ ఒకే వాక్యంలో ఎందుకు వాడారో ఇప్పుడు నాకు ఇంకా బాగా అర్థమవుతోంది.

జవాబు:
మాది వడ్రంగం ఇల్లు. చెక్క విషయంలో పట్టు ఎక్కువైనా ముప్పే అండీ. చెక్క చెమ్మకు ఉబ్బుతుంది, ఆరితే ముడుచుకుంటుంది, అదీ పొడవులో కాదు, ఎక్కువగా వెడల్పులో. పలకలు తెచ్చిన వెంటనే కొట్టేయకుండా రెండు రోజులు ఆ గదిలోనే ఉంచి, అంచుల దగ్గర ఎడం వదిలి బిగిస్తే వాటికి ఆడటానికి చోటుంటుంది. గాలి ఆడాలి, ఊపిరి ఆడాలి అంటాం చూడండి, ఆ ఆడటమే. ఎడం లేకుండా బిగదీస్తే వానాకాలంలో మధ్యకు పొంగుతాయి. మీ క్రియల వరుసలో "ఆడు" కూడా చేర్చండి. ఇంకోటి, సన్నగా పొడుగ్గా ఉంటే మేం బద్ద అంటాం, వెడల్పుగా ఉంటేనే పలక.

జవాబు:
తప్పకుండా చేరుస్తానండీ, బద్ద కూడా రాసుకున్నాను. మీ మాటతో చివరిరోజు పని గుర్తొచ్చింది. టైల్స్ మధ్య సందులు నింపేటప్పుడు మేస్త్రీగారు పూడ్చడం అనలేదు, పూయడం అనలేదు. "సందులకు పట్టించాలి" అన్నారు. తలకు నూనె పట్టించినట్టు, ఇరుసుకు గ్రీజు పట్టించినట్టు. రబ్బరు పలకను ఏటవాలుగా పట్టుకుని, సందు అడుగుదాకా దిగేట్టు నొక్కి నొక్కి లాగారు. పైన మిగిలినదాన్ని కాసేపాగి తడి స్పాంజితో తుడిచేశారు, ఎందుకని అడిగితే "అది ఉత్తినే అంటిందండీ" అన్నారు.