అమ్మానాన్నలకి చూపించడానికి పాత ఇంగ్లీషు మేనర్ హౌస్, తోటతో సహా: ఏది బాగుంటుంది?

రెడింగ్‌వాసి:

అందరికీ నమస్కారం. జూన్‌లో అమ్మానాన్న తెనాలి దగ్గర మా ఊరి నుంచి వస్తున్నారు, ఆరు వారాలుంటారు. పోయినసారి వచ్చినప్పుడు ఒక పేద్ద ప్యాలెస్‌కి తీసుకెళ్ళాను, పేరెందుకులెండి, టికెట్లకే జేబు గుల్లయింది, గంటన్నర క్యూ, లోపల తాళ్ళు కట్టిన దారిలో జనంతో పాటు నెట్టుకుంటూ పోవడమే. బయటికొచ్చాక నాన్న "బంగారపు పూత చూశాం గానీ మనుషులు బతికిన ఇల్లులా లేదురా" అన్నారు. అమ్మైతే సగంలోనే బెంచీ మీద కూర్చుండిపోయింది.

ఈసారి అలాంటివి వద్దనుకుంటున్నా. చిన్నదైనా పర్లేదు, పాత మేనర్ హౌస్ (పల్లెల్లో జమీందారు ఇల్లులాంటిది) ఒకటి, దాని తోట, నిదానంగా తిరిగేలా ఉండాలి. కాట్స్‌వోల్డ్స్ కొండల వైపు చాసిల్టన్, సీజిన్‌కోట్, హిడ్‌కోట్ అని మూడు పేర్లు విన్నాను, మూడూ మోర్టన్-ఇన్-మార్ష్ చుట్టుపక్కలే అంటున్నారు, మా ఇంటి నుంచి కారులో గంటన్నర. పాత ఇళ్ళు, తోటలు కాపాడే నేషనల్ ట్రస్ట్ సంస్థలో మెంబర్‌షిప్ ఉంది. అమ్మకి మోకాళ్ళ నొప్పి, నాన్న రైతు, ఇంగ్లీషు అంతంత మాత్రం. ఎవరైనా వెళ్ళినవాళ్ళుంటే చెప్పండి, గూగుల్ రివ్యూలన్నీ స్కోన్‌లు, కేకుల గురించే ఉన్నాయి.

పాతింటిపిచ్చి:

మీ నాన్నగారు అన్న మాట విన్నాక నేనైతే రెండో ఆలోచన లేకుండా చాసిల్టన్ అంటాను. 1607, 1612 మధ్య కట్టిన ఇల్లు. కట్టించింది వాల్టర్ జోన్స్ అనే లాయరు, వీళ్ళది ఉన్ని వ్యాపారంతో పైకొచ్చిన కుటుంబం. ఆ ఎస్టేటు ఆయన కొన్నది రాబర్ట్ కేట్స్‌బీ దగ్గర, 1605లో పార్లమెంటుని పేల్చేయాలని చూసిన ముఠాకి నాయకుడు ఉన్నాడే, ఆయనే. ఆ తర్వాత జోన్స్ వాళ్ళ చేతిలోనే దాదాపు నాలుగొందల ఏళ్ళు ఉండి 1991లో ట్రస్ట్‌కి వచ్చింది. అసలు విషయం ఏంటంటే ఆ కుటుంబానికి మొదటి తరం తర్వాత చేతిలో డబ్బు ఆడలేదు, అందుకే ఎవరూ ఇంటిని పడగొట్టి కొత్త ఫ్యాషన్‌లో కట్టించలేదు. ట్రస్ట్ వాళ్ళు కూడా ఆరేళ్ళు పనిచేసి 1997లో తెరిచారు గానీ ఇంటిని కొత్తగా మెరిపించలేదు, పాడవకుండా ఆపి ఎక్కడిదక్కడే ఉంచారు. వెలిసిపోయిన గుడ్డలు, పగుళ్ళిచ్చిన గోడలు అన్నీ అలాగే ఉంటాయి.

పైన లాంగ్ గ్యాలరీ అని 72 అడుగుల పొడవు హాలు, పైకప్పు సగానికి కోసిన పీపాలాగా గుండ్రంగా వంగి ఉంటుంది. వాన పడితే ఆడవాళ్ళు బయటికెళ్ళకుండా అందులోనే అటూ ఇటూ నడిచేవాళ్ళట. ఒక రహస్య గది కథ కూడా ఉంది. 1651లో వూస్టర్ యుద్ధంలో రాజు పక్షాన పోరాడి ఓడిపోయిన ఆర్థర్ జోన్స్ పారిపోయి వచ్చి అందులో దాక్కుంటే, వెతుక్కుంటూ వచ్చిన సైనికులు సరిగ్గా ఆ పక్క గదిలోనే పడుకున్నారు, అప్పుడు ఆయన భార్య శారా వాళ్ళ బీరులో నల్లమందు కలిపి నిద్రపుచ్చి మొగుణ్ణి గుర్రమెక్కించి పంపేసిందని చెప్తారు. ఎంత నిజమో గానీ వినడానికి బాగుంటుంది, మీ అమ్మగారికి తప్పకుండా చెప్పండి.

తోట గొప్పగా ఏమీ ఉండదు, ముందే చెప్తున్నా. ఒకప్పుడు ఏవో ఆకారాల్లో కత్తిరించిన పొదలు గుండ్రంగా వరసలో ఉంటాయి, ఇప్పుడవి పెద్ద పెద్ద పిండిముద్దల్లా ఉన్నాయి. కర్ర సుత్తితో బంతిని కొట్టి కమ్మీల కిందుగా పంపే క్రోకే ఆటకి 1860ల్లో మొదటిసారి పద్ధతిగా రూల్స్ రాసింది ఈ ఇంటాయనే, అందుకే లాన్ మీద ఆ ఆట సామాను కనిపిస్తుంది.

చెల్టెన్‌హమ్ పిన్ని:

పై ఆయన చెప్పినవన్నీ నిజమే కానీ మోకాళ్ళ సంగతి వదిలేశారు. చాసిల్టన్‌లో కార్ పార్క్ గుట్ట మీద, ఇల్లు కింద. దిగేటప్పుడు తెలియదు, ఎక్కేటప్పుడు మా ఆయనకే ఆయాసం వచ్చింది. లోపల మెట్లు కూడా పాతకాలం చెక్కవి, నిటారుగా ఉంటాయి. ట్రస్ట్ వాళ్ళ కేఫ్ లేదు, పక్కనే చర్చి దగ్గర ఊరివాళ్ళు టీ, కేకులు అమ్ముతారు, అదీ అన్ని రోజులూ కాదు. కాబట్టి బాబూ, పులిహోరో పెరుగన్నమో డబ్బాల్లో పెట్టుకుని వెళ్ళు, అక్కడికెళ్ళి ఆకలికి అలమటించొద్దు.

నా ఓటు సీజిన్‌కోట్‌కి. ఇది ట్రస్ట్‌ది కాదు, ఇప్పటికీ ప్రైవేటు ఇల్లే, కాబట్టి మీ కార్డు పనికిరాదు, టికెట్ కొనాలి. వారంలో కొన్ని రోజులే, అదీ మధ్యాహ్నాలే తెరుస్తారు, తోట ఒక లెక్క, ఇల్లు ఇంకో లెక్క, వెబ్‌సైట్‌లో తేదీలు చూసుకోకుండా బయల్దేరితే గేటు చూసి వెనక్కి రావాల్సిందే. బెంగాల్‌లో ఈస్టిండియా కంపెనీ ఉద్యోగం చేసి సంపాదించుకొచ్చిన చార్లెస్ కాకరెల్ 1805 ప్రాంతంలో, ఆర్కిటెక్టైన తన అన్న చేత కట్టించుకున్నాడు. పైన ఉల్లిపాయ ఆకారంలో రాగి గుమ్మటం, పచ్చగా చిలుం పట్టి ఉంటుంది, గోడల మీద మన కోటల్లో లాగా ముందుకొచ్చిన చూరు, నెమలి పురిలాంటి కిటికీ కమానులు. ఇంగ్లండ్ పచ్చిక మధ్యలో చూస్తే మొదట నవ్వొస్తుంది, కాసేపటికి కళ్ళు తిప్పుకోలేం. లోపలికెళ్తే మళ్ళీ మామూలు దొరల ఇల్లే! ప్రిన్స్ రీజెంట్ (తర్వాత నాలుగో జార్జి రాజైనాయన) 1807లో వచ్చి చూసి వెళ్ళాకే బ్రైటన్‌లో తన ప్యాలెస్‌కి గుమ్మటాలు పెట్టించాడంటారు.

తోట మాత్రం చూసి తీరాల్సిందే. ఇండియాలో ఏళ్ళ తరబడి తిరిగి బొమ్మలు గీసుకెళ్ళిన థామస్ డేనియల్ సలహాతో చేశారు. వాగు పైనున్న చెరువు ఒడ్డున సూర్యుడి గుడి, కింద ఇంకో చెరువులో మూడు తలల పాము, వాగు మీద వంతెనకి గట్టు మీద నందులు. వంతెన కింద ఎలిఫెంటా గుహల్లో లాంటి లావు స్తంభాలు, వాటి మధ్య నీళ్ళలో అడుగేసుకుంటూ దాటడానికి రాళ్ళు వేశారు. మా అత్తగారు ఆ నందిని చూడగానే చెప్పులు విప్పేశారు, నేను ఆపేలోపే.

మిరపతోట:

అంటే మనల్ని దోచుకెళ్ళి కట్టుకున్న కొంపని మనం డబ్బులిచ్చి మరీ చూడాలన్నమాట. భలే.

చెల్టెన్‌హమ్ పిన్ని:

@మిరపతోట అవును నాయనా, అలాగే ఉంది లెక్క. మా అమ్మాయి స్కూల్లో కంపెనీ గురించి నేర్చుకున్నదానికంటే ఆ వంతెన మీద గంటసేపట్లో అడిగిన ప్రశ్నలే ఎక్కువ. నంది ఇక్కడికెలా వచ్చిందమ్మా అంటే చెప్పడానికి నాకు మూడు మైళ్ళు పట్టింది.

స్లౌ_గోంగూర:

@రెడింగ్‌వాసి అన్నా, రెడింగ్‌లో ఉండి బాసిల్డన్ పార్క్ అడగలేదేంటి? నీ గుమ్మం ముందే కదా. అదీ కంపెనీ సొమ్మే, ముర్షిదాబాద్‌లో గడించిన ఫ్రాన్సిస్ సైక్స్ 1771లో ఎస్టేటు కొని 1776 నుంచి కట్టించాడు. తర్వాత పాడుబడిపోతే 1950ల్లో ఐలిఫ్ అనే దంపతులు కొని, ఇతర ఇళ్ళు కూల్చినప్పుడు వచ్చిన తలుపులు, పొయ్యిల చట్రాలు తెచ్చి అతికించి మళ్ళీ నిలబెట్టారు, 1978లో ట్రస్ట్‌కి ఇచ్చేశారు. మేనర్ హౌస్ అనలేం, ఇంకా పెద్దది, కానీ మెంబర్‌షిప్ కార్డు చెల్లుతుంది, వాన పడితే ఇంటికి పారిపోవచ్చు. దూరం వెళ్ళేముందు అమ్మ ఎంతసేపు నడవగలదో ఇక్కడ టెస్ట్ చేసుకో. హిడ్‌కోట్‌కి ఇంకోసారి వెళ్ళు, అక్కడ ఇంట్లో చూడ్డానికి పెద్దగా ఏం లేదు, అంతా తోటే, ఎత్తుగా పెంచిన కంచెలే గోడలుగా గదులు గదులుగా ఉంటుంది, పూలంటే పిచ్చి ఉన్నవాళ్ళకి స్వర్గం.

రెడింగ్‌వాసి:

ఆలస్యంగా రాస్తున్నా, ఏమనుకోకండి. చివరికి చాసిల్టన్ వెళ్ళాం, గుట్ట సంగతి ముందే తెలిసింది కాబట్టి మడత కుర్చీ ఒకటి పట్టుకెళ్ళా, పైకి వచ్చేటప్పుడు అమ్మ రెండుసార్లు అందులో కూర్చుంది, గొర్రెల్ని చూస్తూ. పిన్నిగారి పులిహోర సలహాకి దండాలు.

లాంగ్ గ్యాలరీ, రహస్య గది అన్నీ నాకు నచ్చాయి. వాళ్ళిద్దరికీ మాత్రం వంటిల్లు. పైకప్పంతా నల్లగా, మసి పేరుకుని తారు పూసినట్టు నిగనిగలాడుతోంది. తుడిపించలేదేమని అమ్మ నా చేత అడిగించింది. ఆ మసి తుడిస్తే ఇంటి అదృష్టం పోతుందని ఆ కుటుంబంలో నమ్మకమట, అందుకే వందల ఏళ్ళు ఎవరూ ముట్టుకోలేదని అక్కడున్న వాలంటీరు పెద్దావిడ చెప్పింది. తెలుగులో చెప్పగానే అమ్మ మొహం విప్పారింది, "మా అత్తగారూ అంతేరా, శుక్రవారం బూజు కర్ర పట్టుకుంటే ఇంట్లో లక్ష్మి పోతుందని గోల చేసేది, చెప్పు ఆవిడకి" అంది. చెప్పాను. ఆ పెద్దావిడ నవ్వి, మరి మిగతా రోజులు దులిపేవాళ్ళా అని అడిగింది. అక్కణ్ణుంచి ఇద్దరూ పావుగంట, మధ్యలో నేను దుబాసీని. నాన్న ఈలోగా బయట ఎకరాలెన్ని, గొర్రెలు ఎవరివి, కౌలు ఎంత అని వాకబు చేయడానికి ఇంకో వాలంటీరుని పట్టుకున్నారు, సైగలతోనే.

@స్లౌ_గోంగూర వచ్చే ఆదివారం బాసిల్డన్ అనుకుంటున్నాం. కార్ పార్క్ నుంచి ఇంటి దాకా నడక ఎంతో కాస్త చెప్పు, మడత కుర్చీ కారులోనే ఉంది.