రాయి ఇంత పాతది, మట్టి మాత్రం రెండడుగులే ఎందుకు?

నమస్కారం అండీ. మాది నల్గొండ వైపు, చెలక భూమి. మొన్న పొలంలో గుంత తవ్విస్తే పైన రెండడుగులు ఎర్రమట్టి, దాని కింద మొరం, ఆ కింద గట్టి రాయి వచ్చాయి. మొరం గడ్డ ఒకటి చేతిలోకి తీసుకున్నా. చూడటానికి అచ్చం రాయే, వేళ్లతో నలిపితే పొడైపోయింది! తెల్లటి గింజలు మెత్తబడి బంకలా అంటుకున్నాయి, గాజులాంటి పలుగురాయి రవ్వ మాత్రం అలాగే మిగిలింది.

గ్రానైట్‌లోని ఫెల్డ్‌స్పార్ అనే ఖనిజాన్ని వాన నీరు బంకమట్టిగా మారుస్తుందని, పలుగురాయి ఇసుకగా మిగులుతుందని చదివాను. ఇక్కడి రాయి వయసు దాదాపు 250 కోట్ల ఏళ్లట. మరి ఇంత కాలంలో రెండడుగులేనా? తయారైనదంతా కొట్టుకుపోతోందా? లేక పైన మట్టి మందం పెరిగేకొద్దీ కింద రాయి మెత్తబడడం నెమ్మదిస్తుందా? గుట్ట పక్కన జానెడు కూడా లేదు, చెరువు దగ్గర నిలువెత్తు ఉంది.

అంగుళం మట్టికి వందల ఏళ్లు పడుతుందంటారు. ప్రతి వానకీ ఎర్ర నీళ్లు పోతుంటే ప్రాణం ఉసూరుమంటోంది. వాలుకు అడ్డంగా గట్లు వేస్తే ఉన్నదైనా నిలుస్తుందా? చెలకల్లో చేసి చూసినవాళ్లు, నేలల గురించి చదువుకున్నవాళ్లు దయచేసి చెప్పండి.