కేర్ హోమ్‌లో పుండ్లు పడి అమ్మ పోయింది, ఇప్పుడు చట్టపరంగా ఏం చేయొచ్చు?

బెజవాడ_కూతురు:

నమస్కారం అందరికీ. రాయాలా వద్దా అని చాలా రోజులు ఊగిసలాడాను. అమ్మకు 74 ఏళ్ళు. పోయిన ఏడాది పక్షవాతం వచ్చి ఎడమ పక్క పడిపోయింది, మాట ముద్దగా వచ్చినా మాకు అర్థమయ్యేది. నాది విజయవాడలో బ్యాంకు ఉద్యోగం, తమ్ముడు డల్లాస్‌లో ఉంటాడు. ఇంట్లో పెట్టిన ఆయాలు ఇద్దరూ నెల తిరక్కుండానే మానేశారు. అమ్మను చూసే న్యూరాలజిస్టు హైదరాబాద్‌లో ఉన్నాడని చివరికి అక్కడి శివార్లలో ఒక కేర్ హోమ్‌లో చేర్పించాం. నెలకు 38 వేలు, అడ్వాన్సు 50 వేలు. 24 గంటలూ నర్సు ఉంటుందని, మంచాన పడ్డవాళ్ళను రెండు గంటలకోసారి పక్కకు తిప్పుతామని వాళ్ళిచ్చిన కాగితంలోనే రాసి ఉంది.

ఏడు నెలలు ఉంది. రోజూ వాట్సాప్‌లో ఒక ఫోటో పంపేవాళ్ళు. ఫోటోలో ఎప్పుడూ దుప్పటి మెడ దాకా కప్పే ఉండేది, నాకెప్పుడూ అనుమానం రాలేదు. రెండు వారాలకోసారి వెళ్ళేదాన్ని, మార్చి ఇయర్ ఎండింగ్ పనుల్లో పడి ఐదు వారాలు వెళ్ళలేకపోయాను. ఏప్రిల్ మొదటి వారంలో ఫోన్ చేసి జ్వరంగా ఉంది, ఆసుపత్రికి మారుస్తున్నాం అన్నారు. నేను వెళ్ళేసరికి ఎమర్జెన్సీలో నర్సు దుప్పటి తీస్తోంది. ఆ వాసన ఇప్పటికీ నన్ను వదల్లేదు. నడుము కింద నా అరచేయి పట్టేంత గుంట, లోపల ఎముక కనబడుతోంది. మడమలు రెండూ నల్లగా మాడినట్టు ఉన్నాయి. ఇది రెండు రోజుల్లో వచ్చేది కాదమ్మా అన్నారు డాక్టరు గారు. ఆరో రోజు అమ్మ పోయింది. డెత్ సమ్మరీలో సెప్సిస్ అని, అంటే ఇన్ఫెక్షన్ ఒళ్ళంతా పాకి ప్రాణం మీదకు వచ్చిందని రాశారు. పోస్ట్‌మార్టం అన్న ఆలోచనే రాలేదు, దహనం చేసేశాం.

సామాన్లు తెచ్చుకోవడానికి హోమ్‌కి వెళ్తే మంచానికి చార్టు ఇంకా వేలాడుతూనే ఉంది, ఫోటో తీసుకున్నాను. రెండు గంటలకోసారి తిప్పినట్టు టిక్కులు, అన్నీ ఒకే పెన్నుతో, ఒకే చేత్తో పెట్టినట్టు ఉన్నాయి. అమ్మ ఆసుపత్రిలో ఉన్న రోజుల్లో రెండింటికి కూడా టిక్కులు పెట్టారు.

ఇప్పటికి ఐదు నెలలైంది. చేర్చేటప్పుడు "ఏం జరిగినా హోమ్‌కు బాధ్యత లేదు" అని నాతో సంతకం పెట్టించుకున్నారు. ఇప్పుడేమో మేనేజరు అడ్వాన్సు, ఒక నెల ఫీజు వెనక్కి ఇస్తాం, ఫిర్యాదు ఏమీ లేదని రాసివ్వండి అంటున్నాడు. చేర్చేటప్పుడు పెట్టిన సంతకం వల్ల ఇంక కేసు వేయలేమా? వేస్తే ప్రతి వాయిదాకూ హైదరాబాద్ వెళ్ళాలా? పోస్ట్‌మార్టం లేకపోతే నిలబడుతుందా? తెలిసినవాళ్ళు చెప్పండి.

రిటైర్డ్_నర్సమ్మ:

అమ్మా, ముందుగా ఒకటి చెప్తాను. 31 ఏళ్ళు ప్రభుత్వాసుపత్రిలో చేశాను, అందులో చాలా ఏళ్ళు మెడికల్ వార్డే. నువ్వు ఐదు వారాలు వెళ్ళకపోవడం వల్ల ఈ పుండు పడలేదు. తిప్పకపోవడం వల్ల పడింది, అది డబ్బు తీసుకున్నవాళ్ళ పని.

ఎముక కనబడిందంటే అది నాలుగో దశ, అన్నిటికంటే లోతైనది. మొదట చర్మం ఎర్రబడుతుంది, వేలితో నొక్కినా ఆ ఎరుపు పోదు. ఆ రోజే తిప్పడం మొదలుపెట్టి, తడి బట్టలు మార్చి, గాలి పరుపు వేస్తే చాలాసార్లు అక్కడితో ఆగిపోతుంది. తర్వాత పొర లేస్తుంది, తర్వాత గుంట పడుతుంది. ఇంత పుండు పడేదాకా ఒళ్ళు తుడిచేవాళ్ళకు, గుడ్డలు మార్చేవాళ్ళకు కనబడకుండా ఉండదు తల్లీ. కనబడింది, ఎవరూ పట్టించుకోలేదు. మడమలు నల్లబడ్డాయంటే కాళ్ళ కింద దిండు కూడా పెట్టలేదనే.

ఒక్కటి గుర్తుపెట్టుకో. ఆసుపత్రిలో చేర్చుకున్నప్పుడు డ్యూటీ డాక్టరు, నర్సు రాసే మొదటి నోటు ఉంటుంది. పుండు ఎంత వెడల్పు, ఎంత లోతు, ఏ దశ, వచ్చేటప్పటికే ఉందా అన్నది అందులో రాస్తారు. డిశ్చార్జి సమ్మరీ, డెత్ సమ్మరీ ఇచ్చి పంపేస్తారు, ఆ నోటు అడిగితే తప్ప ఇవ్వరు. మొత్తం కేస్ షీటు కావాలని రాతపూర్వకంగా అడుగు. ఎప్పుడు బరువు చూశారో, ఎంత ఉందో కూడా చూడు, సరిగ్గా తిండి పెట్టారా లేదా అన్నదానికి అది పనికొస్తుంది.

కన్స్యూమర్_వకీలు:

మేడమ్, నేను వినియోగదారుల కమిషన్‌లో కేసులు చేస్తాను. వరసగా చెప్తాను, కొంచెం పొడుగవుతుంది.

మేనేజరు కాగితం మీద సంతకం పెట్టకండి. డబ్బు ముట్టింది, ఇంక ఫిర్యాదు లేదు అన్న కాగితమే రేపు వాళ్ళ మొదటి వాదన అవుతుంది. చేర్చేటప్పుడు పెట్టిన సంతకం గురించి భయపడొద్దు, "ఏం జరిగినా" అని రాయించుకున్నంత మాత్రాన నిర్లక్ష్యానికి లైసెన్సు వచ్చినట్టు కాదు.

మీకు అన్నిటికంటే పనికొచ్చే దారి 2019 వినియోగదారుల రక్షణ చట్టం. డబ్బు తీసుకుని రాసిచ్చిన సేవ చేయలేదు, దాని వల్ల ప్రాణం పోయింది, ఇది సేవా లోపమే. వినియోగదారు చనిపోతే వారసులు ఫిర్యాదు చేయొచ్చని చట్టంలోనే ఉంది, పైగా ఫీజు కట్టింది కూడా మీరే. గడువు మాత్రం రెండేళ్ళు, అందులో ఐదు నెలలు ఇప్పటికే పోయాయి. పాత చట్టంలో అయితే అవతలివాళ్ళు ఉన్నచోటో, సంఘటన జరిగినచోటో వేయాల్సి వచ్చేది. 2019 చట్టంలో ఫిర్యాదుదారు నివాసం ఉన్నచోటే వేయొచ్చు, అంటే మీరు మీ జిల్లా కమిషన్‌లో, విజయవాడలోనే. హోమ్ వాళ్ళే అక్కడికి రావాలి. ఆన్‌లైన్‌లో వినియోగదారుల కమిషన్ల ఈ-జాగృతి పోర్టల్‌లో కూడా దాఖలు చేయొచ్చు. ఏ కమిషన్ అన్నది మీరు అడిగే పరిహారాన్ని బట్టి కాదు, హోమ్‌కు కట్టిన డబ్బును బట్టి ఉంటుంది. 50 లక్షల దాకా జిల్లా కమిషనే, 5 లక్షల దాకా అయితే ఫీజు కూడా లేదు. మీరు కట్టింది మూడు లక్షల పైచిలుకు.

పోస్ట్‌మార్టం లేకపోవడం లోటే, కాదనను. కానీ కేసు దాని మీదే ఆధారపడి లేదు. 2010లో వి. కిషన్ రావు కేసులో, అది హైదరాబాద్ నుంచి వెళ్ళిందే, వినియోగదారుల కేసుల్లో ప్రతిదానికీ నిపుణుడి సాక్ష్యం ఉండాల్సిందే అనడానికి లేదని సుప్రీంకోర్టు చెప్పింది. మలేరియా శాఖ ఉద్యోగి భార్యకే మలేరియా వస్తే టైఫాయిడ్ అని వైద్యం చేశారు, ఆమె పోయింది. జిల్లా ఫోరం (ఇప్పటి జిల్లా కమిషన్) ఇచ్చిన రెండు లక్షల తీర్పును పై ఫోరాలు కొట్టేస్తే సుప్రీంకోర్టు నిలబెట్టింది. మీ కేసులో మనిషి మంచం మీద లేని రోజులకు తిప్పినట్టు టిక్కులున్నాయి. అది నిర్లక్ష్యమని చెప్పడానికి ఏ ప్రొఫెసరూ రానక్కర్లేదు.

ఆసుపత్రి రికార్డులు అడిగిన 72 గంటల్లో ఇవ్వాలని డాక్టర్ల ప్రవర్తనా నియమావళిలో 2002 నుంచీ ఉంది. ఈ వారమే అడగండి. హోమ్‌కు లాయర్ నోటీసు పంపి చార్టులు, డ్యూటీ రిజిస్టరు, ఏప్రిల్ సీసీటీవీ భద్రపరచమని రాయించండి. ఫుటేజీ ఇప్పటికే చెరిగిపోయి ఉండొచ్చు, అయినా నోటీసు పంపాక రిజిస్టరు మాయమైతే ఆ సంగతి కమిషన్ ముందు పెట్టొచ్చు.

సివిల్ కోర్టులో 1855 నాటి ఫేటల్ యాక్సిడెంట్స్ చట్టం కింద దావా కూడా ఉంది, దానికీ రెండేళ్ళే గడువు. కానీ అక్కడ చూసేది పోయినవాళ్ళ సంపాదన మీద ఎవరు ఆధారపడ్డారన్నది. మంచాన ఉన్న అమ్మ విషయంలో అది చాలా తక్కువకు తేలుతుంది. నేనైతే వద్దంటాను.

మాచర్ల_శీను:

అక్కా, 2007 సీనియర్ సిటిజన్ల చట్టం ఉంది కదా, ఆర్డీవో దగ్గర ట్రిబ్యునల్‌లో వేస్తే ఖర్చు లేకుండా తొందరగా తేలుతుంది అంటారు. మా ఊళ్ళో ఒకాయన కొడుకు మీద వేసి గెలిచాడు.

కన్స్యూమర్_వకీలు:

శీను గారూ, ఆ ట్రిబ్యునల్ తల్లిదండ్రులకు పిల్లల నుంచి పోషణ ఇప్పించడానికి, హోమ్ నుంచి పరిహారం ఇప్పించడానికి కాదు. ఆ చట్టం సెక్షన్ 24లో సంరక్షణలో ఉన్న వృద్ధులను వదిలేస్తే మూడు నెలల దాకా జైలు, ఐదు వేల దాకా జరిమానా అని ఉంది, అది ఈ కేసు బరువుకు చాలదు. అదే హోమ్‌లో ఇంకా మంచాన ఉన్నవాళ్ళు ఉన్నారు కాబట్టి వృద్ధుల హెల్ప్‌లైన్ ఎల్డర్ లైన్ 14567కు ఫోన్ చేసి చెప్పడం మాత్రం తప్పకుండా చేయండి.

బెజవాడ_కూతురు:

అందరికీ చాలా థాంక్స్. నర్సమ్మ గారూ, మీ మొదటి మాట చదివి చాలాసేపు ఏడ్చాను. ఆఫీసులో ఉన్నాను, వాష్‌రూమ్‌లోకి వెళ్ళిపోయాను. వకీలు గారూ, పోలీసు కేసు సంగతి చెప్పలేదు. తమ్ముడు ముందు అదే పెట్టమంటున్నాడు. ఊళ్ళో పెదనాన్న వాళ్ళేమో దహనం అయిపోయింది, ఇంక పోలీసులు పట్టించుకోరు అంటున్నారు.

కన్స్యూమర్_వకీలు:

పెట్టొచ్చు మేడమ్, రెండూ ఒకేసారి నడుస్తాయి. నిర్లక్ష్యంతో మరణానికి కారణమైతే పాత ఐపీసీ స్థానంలో వచ్చిన భారతీయ న్యాయ సంహిత సెక్షన్ 106(1), ఐదేళ్ళ దాకా శిక్ష. వైద్య ప్రక్రియ చేస్తూ తప్పు చేసిన రిజిస్టర్డ్ డాక్టరుకైతే రెండేళ్ళ దాకానే. డాక్టరు మీద కేసంటే 2005లో సుప్రీంకోర్టు ఇచ్చిన జేకబ్ మాథ్యూ తీర్పు ప్రకారం ఘోరమైన నిర్లక్ష్యం ఉండాలి, ముందు వేరే డాక్టరు అభిప్రాయం తీసుకోవాలి. మీ ఫిర్యాదు తిప్పాల్సినవాళ్ళు తిప్పలేదని, పుండును దాచారని, చార్టు తప్పుగా రాశారని. కాబట్టి ఫిర్యాదులో హోమ్ యాజమాన్యం, మేనేజరు, డ్యూటీ సిబ్బంది అని స్పష్టంగా రాయండి, ఆసుపత్రి డాక్టర్లను ఇందులోకి లాగొద్దు. వాళ్ళు రేపు మీ సాక్షులు.

విజయవాడ స్టేషన్‌లోనే జీరో ఎఫ్ఐఆర్ (నేరం ఎక్కడ జరిగినా ఏ స్టేషన్‌లోనైనా ఇచ్చేది) ఇవ్వొచ్చు, వాళ్ళు హైదరాబాద్‌కు పంపుతారు. ఇలాంటి సెక్షన్లలో 14 రోజుల్లో ప్రాథమిక విచారణ చేసుకునే వీలు పోలీసులకు ఉంది, అందుకని వెంటనే ఎఫ్ఐఆర్ నంబరు రాకపోతే కంగారు పడకండి. అసలు తీసుకోకపోతే పై అధికారికి పోస్టులో పంపండి, అప్పటికీ కదలకపోతే మేజిస్ట్రేట్ దగ్గరకు వెళ్ళొచ్చు. దహనం అయిపోయిందని ఎవరైనా వెనక్కి పంపితే ఆసుపత్రి మొదటి నోటు చూపించండి.

నల్గొండ_మాస్టారు:

అమ్మాయీ, మా నాన్నగారి విషయంలో ఇలాంటి కేసు నేనూ నడిపాను, కాబట్టి నెలల్లో అయిపోతుందని మాత్రం అనుకోవద్దు. మూడు నుంచి ఐదు నెలల్లో తేల్చాలని చట్టంలో ఉంది, మాకు మూడేళ్ళు పైనే పట్టింది. వాయిదాలు, కోరం లేదు (కమిషన్ సభ్యులు సరిపడా లేరు), అవతలి లాయరు రాలేదు. అవతలివాళ్ళు జవాబు వేయడానికి మాత్రం 30 రోజులు, మహా అయితే ఇంకో 15, ఆపైన ఒప్పుకోరు, అక్కడ గట్టిగా పట్టుబట్టు. లాయరు ఫీజు భారమైతే జిల్లా న్యాయ సేవాధికార సంస్థకు వెళ్ళు, ఆడవాళ్ళకు ఆదాయంతో సంబంధం లేకుండా ఉచితంగా లాయర్ని ఇస్తారు, 15100కు ఫోన్ చేసినా చెప్తారు. తారీఖుల వారీగా ఒక నోట్‌బుక్ పెట్టుకో, ఎవరు ఏం అన్నారో ఆ రోజే రాసుకో. రెండేళ్ళ తర్వాత క్రాస్ ఎగ్జామినేషన్‌లో నాకు పనికొచ్చింది అదొక్కటే.

బెజవాడ_కూతురు:

మాస్టారూ, నోట్‌బుక్ ఇవాళే మొదలుపెట్టాను. కేస్ షీటు కోసం ఆసుపత్రికి మెయిల్ పెట్టాను, శనివారం స్వయంగా వెళ్ళి స్టాంపు వేయించుకుంటాను. మేనేజరుకు డబ్బు వద్దని మెసేజ్ పెట్టాను. తమ్ముడు ఏడు నెలల వాట్సాప్ ఫోటోలన్నీ ఒక ఫోల్డర్‌లో వేస్తున్నాడు. ఫిబ్రవరి ఆఖరి నుంచి ఒక్క ఫోటోలో కూడా అమ్మ పక్కకు తిరిగి లేదట, అన్నిట్లో వెల్లకిలానే ఉందట.

కన్స్యూమర్_వకీలు:

అది మంచి ఆధారం, తారీఖు కనబడేలా ఉంచండి. ఇంకొకటి, చార్టు ఫోటో తీసిన ఫోన్ అమ్మడం గానీ, ఎక్స్చేంజ్‌లో ఇవ్వడం గానీ, రీసెట్ చేయడం గానీ చేయొద్దు. ఎలక్ట్రానిక్ ఆధారానికి కొత్త సాక్ష్య చట్టం, అంటే భారతీయ సాక్ష్య అధినియమ్ సెక్షన్ 63 కింద సర్టిఫికెట్ జతచేయాలి, అందులో ఫోటో ఏ ఫోన్‌లో తీశారో రాయాలి. తమ్ముడు గారి ఫోన్‌కు కూడా ఇదే వర్తిస్తుంది.

బెజవాడ_కూతురు:

ఈ నెల పాతది ఇచ్చి కొత్త ఫోన్ తీసుకుందాం అనుకున్నాను సార్. ఇవ్వను. బీరువాలో పెట్టేస్తాను.