చెంచు యువకులు ప్రభుత్వోద్యోగంలో చేరాక ఎందుకు నిలవలేకపోతున్నారు?

ప్రశ్న: తుంగభద్ర గట్టు (కర్నూలు)

నేను కర్నూలులోని ఒక ప్రభుత్వ కార్యాలయంలో ఎస్టాబ్లిష్‌మెంట్ సెక్షన్ (ఉద్యోగుల సర్వీసు వ్యవహారాలు) చూస్తున్న సూపరింటెండెంటును. ఆత్మకూరు అవతల, నల్లమలలోని ఒక గూడెం నుంచి వచ్చిన చెంచు యువకుడు మా దగ్గర జూనియర్ అసిస్టెంటుగా చేరాడు. ఆ ఇంట్లో పదో తరగతి దాటిన మొదటి మనిషి అతడే. ఎనిమిది నెలలు పనిచేశాడు. ఒక సోమవారం రాలేదు, ఆ తర్వాత ఇక రానే లేదు. నిబంధన ప్రకారం రెండు మెమోలు పంపితే, అవి బట్వాడా కాకుండానే తిరిగి వచ్చాయి.

అతని ఫైలు మళ్లీ తిరగేసినప్పుడు నాకు కనిపించింది ఇది: జీతం బిల్లుకు కావలసిన సీఎఫ్‌ఎంఎస్ ఐడీ, పింఛను ఖాతాకు ఇచ్చే ప్రాన్ నంబరు వచ్చి మొదటి జీతం పడేసరికి నాలుగు నెలలు దాటింది. ఆ నాలుగు నెలలూ అతడు అద్దె ఎలా కట్టాడో, ఏం తిన్నాడో మేమెవరమూ అడగలేదు. అందులో నా తప్పూ ఉంది. ఎస్టీ పోస్టు భర్తీ అయిందని నివేదిక పంపడంతో మా బాధ్యత తీరిందని అనుకున్నాం. ఇలా వచ్చినవారు నిలబడాలంటే, పైనుంచి ఉత్తర్వుల కోసం ఎదురుచూడకుండా, ఒక కార్యాలయం తన పరిధిలోనే ఏం చేయగలదో అనుభవజ్ఞులు చెప్పగలరా?

జవాబు: పెన్నా ఒడ్డు (కడప)

ముప్పై ఏళ్లు ఇదే పని చేసి విశ్రాంతి తీసుకుంటున్నవాణ్ణి. ఆ యువకుడు మీ దాకా రావడమే ఎంత అరుదో ముందు చూడండి. ఎస్టీలకు ఆరు శాతం అంటే వంద పాయింట్ల రోస్టరులో (ఎన్నో ఖాళీ ఏ వర్గానిదో చెప్పే పట్టికలో) 8, 25, 33, 58, 75, 83 అని మన సెక్షన్లలో అందరికీ కంఠస్థమే. ఏడాదికి ఒకటో రెండో ఖాళీలు వచ్చే చిన్న కార్యాలయంలో ఎనిమిదో పాయింటు రావడానికే ఏళ్లు పడుతుంది, అది దాటితే ఇరవై ఐదు వచ్చేలోపు ఒక తరం ఉద్యోగులు మారిపోతారు. ఆ ఆరు శాతంలోనే సుగాలీలు, ఎరుకలవారు, యానాదులు, చెంచులు అందరూ పోటీపడాలి. సుగాలీ తండాల్లో బడులు నిలదొక్కుకుని పిల్లలు చదువుకున్నారు, ఆ ఉద్యోగాలు వారు కష్టపడి సంపాదించుకున్నవే, వారిని తప్పుపట్టడానికి ఏమీ లేదు. అయితే అడవిలో ఉన్న గూడేనికి ఆ పోటీ సమానమైనది కాదు. 2024 ఆగస్టు 1న సుప్రీంకోర్టులో ఏడుగురు న్యాయమూర్తుల ధర్మాసనం ఎస్సీ, ఎస్టీల ఉపవర్గీకరణకు (వారిలో బాగా వెనుకబడినవారికి విడిగా వాటా ఇవ్వడానికి) రాష్ట్రాలకు అధికారం ఉందని తీర్పు చెప్పింది. ఎస్సీలను వర్గీకరించిన మన రాష్ట్ర చట్టాన్ని కొట్టివేసిన 2004 నాటి తీర్పును అది పక్కన పెట్టింది. చెంచుల విషయంలో ఆ అధికారాన్ని వాడాలని నేను గట్టిగా కోరుకుంటున్నాను.

ఇంకొక మాట. శ్రీశైలంలో ఐటీడీఏ (సమీకృత గిరిజనాభివృద్ధి సంస్థ) ఉంది కాబట్టి మన వైపు నల్లమల ఏజెన్సీ ప్రాంతమని చాలామంది పొరబడతారు. అది రాజ్యాంగం ఐదో షెడ్యూలు కింద ప్రకటించిన గిరిజన ప్రాంతాల్లో (షెడ్యూల్డ్ ప్రాంతాల్లో) లేదు. అందుచేత షెడ్యూల్డ్ ప్రాంతాల ఉపాధ్యాయ పోస్టులన్నీ స్థానిక గిరిజనులకే ఇచ్చిన 2000 సంవత్సరం నాటి జీవో 3, సుప్రీంకోర్టు 2020లో దాన్ని కొట్టివేయక ముందు కూడా, ఈ గూడేలకు ఉపయోగపడలేదు.

జవాబు: తండా బిడ్డ (అనంతపురం)

నేను గుత్తి వైపు ఒక సుగాలీ తండా నుంచి వచ్చి ఉద్యోగం చేస్తున్నాను. సార్, మీరు జీతం ఆలస్యాన్ని గుర్తించారు, అద్దె ఇల్లు కూడా చూడండి. నేను చేరిన కొత్తలో ఆరు ఇళ్ల వాళ్లు 'మీరేమిట్లు?' అని కులం అడిగి, విన్న తర్వాత ఇల్లు ఖాళీ లేదన్నారు. ఏడో ఇల్లు మా కార్యాలయంలోని ఒక అక్క తన పూచీ మీద ఇప్పించింది. నోట్‌ఫైలు ఎలా పెట్టాలో, డిపార్ట్‌మెంటల్ పరీక్షలకు ఏ పుస్తకం చదవాలో నేర్పింది కూడా ఆ అక్కే. ఆమె లేకపోతే ప్రొబేషన్ పూర్తికాక ముందే నేనూ వెళ్లిపోయేదాన్ని.

శ్రావణంలో తీజ్ వచ్చినప్పుడు మా పెళ్లికాని ఆడపిల్లలు తొమ్మిది రోజులు గోధుమ మొలకలకు నీళ్లు పోసి పూజిస్తారు. మొదటి ఏడు సెలవు అడిగితే, 'అదేం పండగ?' అని అందరి ముందూ నవ్వారు. చిన్న విషయమే అనిపిస్తుంది, కానీ ఆ రోజు నాకు భోజనం దిగలేదు. ఆ చెంచు తమ్ముడిని ఎవరైనా ఏదైనా అన్నారేమో, దయచేసి కనుక్కోండి.

జవాబు: కడప నుంచి సిడ్నీకి

ఇక్కడ ఆస్ట్రేలియాలో ఆదిమవాసుల ఉద్యోగాల గురించి ఇదే చర్చ దశాబ్దాలుగా నడుస్తోంది. 2021 జనగణనలో వారు జనాభాలో 3.2 శాతం. ఫెడరల్ ప్రభుత్వం 2015లో, తన ఉద్యోగుల్లో వారి వాటా 2018 నాటికి మూడు శాతానికి చేరాలని లక్ష్యం పెట్టుకుంది. కొన్ని ఉద్యోగాలకు వారు మాత్రమే దరఖాస్తు చేసుకునే వీలుంది. అయినా చేరినవారు ఇతరులకంటే త్వరగా మానేస్తున్నారనీ, ఎక్కువమంది కింది స్థాయిలోనే ఆగిపోతున్నారనీ తేలడంతో, నిలుపుకోవడం మీదా పై పదవుల మీదా దృష్టి పెట్టారు. సంప్రదాయ క్రతువులకు ప్రత్యేక సెలవు ఇస్తారు. తీజ్ గురించి చదివినప్పుడు నాకు అదే గుర్తుకొచ్చింది. అలాగే, ఆదిమవాసులకు సంబంధించిన ప్రతి పనినీ ఆ ఒక్క ఉద్యోగి మీదే వేస్తే అతను అలసిపోతాడని ఇక్కడివారు పదేపదే చెబుతారు. మీ కార్యాలయంలో కూడా గూడేలకు సంబంధించిన ప్రతి ఫైలూ అతనికే వెళ్లేదా?

తిరిగి తుంగభద్ర గట్టు

వెళ్లేది. అది అతనికి గౌరవమని అనుకున్నాం.

ఆదివారం ఆత్మకూరు మీదుగా ఆ గూడేనికి వెళ్లి వచ్చాను. మెమో తీసుకుపోలేదు. రెండో శనివారం తప్పిస్తే మాకు వారానికి ఆదివారం ఒక్కటే సెలవు, పైగా అడవి దారిలో రాత్రిపూట వాహనాలు ఆపేస్తారు, అందువల్ల శనివారం సాయంత్రం బయలుదేరితే అతడు ఇల్లు చేరలేకపోయేవాడు. తల్లికి జబ్బు చేసినప్పుడు మూడు వారాలు వరుసగా అలాగే జరిగిందట. సెలవు అడగవచ్చని కూడా అతనికి తెలియదు. అర్జిత సెలవు ఎలా పెట్టాలో మేము చెప్పలేదు. గైర్హాజరైన కాలాన్ని సెలవుగా క్రమబద్ధం చేయమని అతనితో దరఖాస్తు రాయించి తెచ్చాను, సోమవారం ఫైలు పెడుతున్నాను. ఆత్మకూరు వైపు ఖాళీ ఉన్న చోటికి డిప్యుటేషన్ అడుగుతూ రెండో దరఖాస్తు కూడా రాశాడు. తండా బిడ్డ గారూ, మీ అక్క గారు పరీక్షలకు చెప్పిన పుస్తకం పేరు పంపగలరా?