మా అన్న కొడుక్కి ఏఎల్ఎల్ బ్లడ్ క్యాన్సర్, ట్రయల్‌లో చేరుస్తారా అని అడుగుతున్నారు. సంతకం పెట్టొచ్చా?

కావలి_చిన్నోడు:
అందరికీ నమస్కారం. మాది కావలి దగ్గర పల్లె. మా అన్న కొడుక్కి ఏడేళ్లు. జ్వరం వస్తా పోతా ఉంటే, ఒంటి మీద ఎర్రటి చుక్కలు కూడా కనపడితే నెల్లూరులో రక్తపరీక్ష చేయించాం. తెల్లకణాలు విపరీతంగా పెరిగున్నాయి, ప్లేట్‌లెట్లు పడిపోయాయి, ఆలస్యం చేయకుండా చెన్నై తీసుకెళ్లమన్నారు. అక్కడ బోన్ మ్యారో తీసి బి సెల్ ఏఎల్ఎల్ అని తేల్చారు. స్టెరాయిడ్ మాత్రలు మొదలుపెట్టేశారు కూడా.

ఇప్పుడు సంగతేందంటే, ఆ ఆస్పత్రిలో ఒక క్లినికల్ ట్రయల్ నడుస్తా ఉందంట. మొదటి విడత వైద్యంలో ఒక గుంపు పిల్లలకి స్టెరాయిడ్ మామూలుగా ఇచ్చినన్ని వారాలు, ఇంకో గుంపుకి అంతకన్నా తక్కువ వారాలు ఇస్తారట. మావాడు ఏ గుంపులోకి వెళ్లేది డాక్టరు కాదు, కంప్యూటర్ తేలుస్తుందట. తెలుగులోనే రాసిన ఫారం ఇచ్చారు, చాలా పేజీలు ఉంది. సోమవారం లోపల చెప్పమన్నారు. మా అన్న ఏమీ మాట్లాడడం లేదు. వదిన ఏడుపు ఆపడం లేదు. మా నాయనేమో 'మన బిడ్డ మీద ప్రయోగాలు చేస్తారంటరా, వద్దు గాక వద్దు' అని పట్టుబట్టి కూర్చున్నాడు. చదువుకున్నోడివి నువ్వే చెప్పు అని అందరూ నా మొహం చూస్తున్నారు. నేను చదివింది బీకాం.

ఇంతకుముందు ఎవరైనా పిల్లల్ని ఇట్టా చేర్చినవాళ్లుంటే చెప్పండి. చేరకపోతే వైద్యం సరిగ్గా చేయరా? చేరితే డబ్బులేమైనా కట్టాలా?

ఒంగోలు_అమ్మ:
తమ్ముడూ, ముందు మీ వదినకి చెప్పు, పిల్లలకి వచ్చే క్యాన్సర్లలో అన్నిటికన్నా ఎక్కువగా కనపడేది ఇదే, బాగా నయమయ్యేవాటిలో కూడా ఇది ఒకటి. మా పాపకి నాలుగేళ్లప్పుడు వచ్చింది, ఇప్పుడు హైస్కూల్లో చదువుతోంది. మా పాప కూడా ట్రయల్‌లోనే ఉంది. నేను అప్పుడు ఊహించుకున్నది వేరు, జరిగింది వేరు. కొత్త మందేదో తెచ్చి ఎక్కిస్తారనుకున్నా. తీరా చూస్తే పక్క బెడ్ పిల్లలకి ఇచ్చే విన్‌క్రిస్టిన్, ఆస్పరాజినేజ్, వెన్నులో మెథోట్రెక్సేట్, అన్నీ అవే. తేడా అంతా ఒక మందు ఎన్నాళ్లు ఇవ్వాలన్న దగ్గరే.

ఎక్కువైంది ఏమిటంటే రక్తం శాంపిళ్లు కొన్ని అదనంగా తీశారు, పాపకి నెప్పి, నాకు బాధ. కలిసొచ్చింది ఏమిటంటే ఒక సిస్టర్ ప్రత్యేకంగా మా ఫైలు చూసేది. జ్వరం 100 దాటితే ఆవిడకే ఫోన్, రాత్రైనా ఎత్తేది. ఆ ఒక్క నంబరు నాకు ఎంత ధైర్యమో.

స్టెరాయిడ్ వారాలకి మాత్రం ఇంట్లో అందరూ సిద్ధంగా ఉండండి. మా పాప అర్ధరాత్రి రెండింటికి లేచి చేపల పులుసు అన్నం కావాలని గోల. చెన్నైలో అద్దె గదిలో ఆ టైంలో చేపల పులుసు ఎక్కడ తేను? సాయంత్రమే వండి మూత పెట్టి ఉంచి, లేవగానే పొగలు వచ్చేదాకా మరిగించి పెట్టేదాన్ని. మొహం ఉబ్బుతుంది, ఊరికే కోపం వస్తుంది, తాతని కూడా తిడతాడు. మందు ఆపాక మళ్లీ మామూలు అవుతారు.

బుచ్చి_రీసెర్చ్:
మాది బుచ్చిరెడ్డిపాళెం, చెన్నైలో ట్రయల్ కోఆర్డినేటర్‌గా పనిచేస్తున్నాను. మీరు చెప్పిన ఆస్పత్రి ఏదో నాకు తెలియదు, మా దగ్గర చేరమని చెప్పడానికీ రాలేదు. తెలిసింది చెబుతా.

ఏఎల్ఎల్ వైద్యం మొత్తం రెండు, రెండున్నరేళ్లు. మొదటి నాలుగైదు వారాలు ఇండక్షన్. దాని ఉద్దేశం క్యాన్సర్ కణాల్ని మైక్రోస్కోపుకి దొరకనంత తగ్గించడం. ఆ తర్వాత కన్సాలిడేషన్, అంటే మిగిలిన కణాల్ని తుడిచే విడత, మళ్లీ ఒక గట్టి విడత, చివర్న మెయింటెనెన్స్, అంటే రోజూ 6-ఎంపీ అనే కీమో మాత్ర, వారానికి ఒక్కసారే మెథోట్రెక్సేట్ మాత్ర. వారానికి ఒక్కసారి అన్నది గోడ మీద పెద్ద అక్షరాలతో రాసి పెట్టుకోండి, రోజూ వేస్తే ప్రాణం మీదకి వస్తుంది.

మీ ట్రయల్ స్టెరాయిడ్ గురించి కాబట్టి దాని సంగతి. స్టెరాయిడ్ లుకేమియా కణాల్ని చంపుతుంది, అదే సమయంలో ఒంట్లో రోగనిరోధక శక్తినీ అణిచేస్తుంది. మన దేశంలో ఇండక్షన్‌లో పోయే పిల్లల్లో చాలామంది పోయేది క్యాన్సర్ ముదిరి కాదు, ఇన్ఫెక్షన్లు వచ్చి. అందుకే ఎన్ని వారాలు ఇస్తే సరిపోతుంది అన్న ప్రశ్న. ఇది కొత్తగా ఎవరో పుట్టించింది కాదు. మన దేశంలో పెద్ద క్యాన్సర్ ఆస్పత్రులు కొన్ని కలిసి చేసిన ఐసికిల్-ఏఎల్ఎల్-14 అనే ట్రయల్‌లో ఇలాంటి ప్రశ్నే ఉంది, ప్రెడ్నిసొలోన్ అనే స్టెరాయిడ్ ఐదు వారాలా, మూడు వారాలా అని. తక్కువ ఇస్తే జబ్బు తిరగబెడుతుందా అన్న భయం ఒకవైపు, ఎక్కువ ఇస్తే ఇన్ఫెక్షన్ భయం ఇంకోవైపు. ఏది మెరుగో ముందే తెలిస్తే ట్రయల్ పెట్టనే పెట్టరు, పెట్టడానికి ఎథిక్స్ కమిటీ, అంటే ట్రయల్‌లో మనుషులకి అన్యాయం జరగకుండా చూసే కమిటీ, ఒప్పుకోదు.

కంప్యూటర్ ఎందుకు అంటే, డాక్టరు చేతికి వదిలితే నీరసంగా ఉన్న పిల్లల్ని తనకి తెలియకుండానే ఒకవైపు వేసేస్తాడు. అప్పుడు లెక్క తప్పుతుంది.

చేరకపోతే వైద్యం ఆగదు. ఆస్పత్రి మామూలుగా పిల్లలకి చేసే వైద్యం చేయాల్సిందే. చేరాక మధ్యలో బయటికి వచ్చేయొచ్చు, కారణం చెప్పనక్కర్లేదు. ఈ రెండు ముక్కలు ఫారంలో రాసి ఉండాలి, లేకపోతే సంతకం పెట్టొద్దు. సంతకం అమ్మో నాన్నో పెట్టాలి, బాబాయిగా మీరు పెడితే చెల్లదు. చదవడం రాని వాళ్లయితే ఆస్పత్రికి సంబంధం లేని సాక్షి పక్కన ఉండి, అంతా చదివి వినిపించాక అతను కూడా సంతకం చేయాలి. పిల్లవాడికి ఏడేళ్లు అన్నారు కదా, ఆ వయసు నుంచి వాడికి అర్థమయ్యేలా చెప్పి వాడి ఒప్పుకోలు కూడా నోటిమాటగా తీసుకోవాలని ఐసీఎంఆర్ (భారత వైద్య పరిశోధన మండలి) మార్గదర్శకాల్లో ఉంది.

ఫారం మీద సీటీఆర్ఐ నంబరు చూడండి, అది ట్రయల్స్ నమోదు చేసే ప్రభుత్వ రిజిస్ట్రీ. దేశంలో జరిగే ట్రయల్స్ 2009 జూన్ నుంచి అందులో రిజిస్టర్ చేయడం తప్పనిసరి. ఆ వెబ్‌సైట్‌లో నంబరు కొడితే ఎవరు చేస్తున్నారు, ఎక్కడెక్కడ, ఎవరు డబ్బు పెడుతున్నారు, అన్నీ వస్తాయి. ఎవరైనా ట్రయల్‌లో సీటు ఇప్పిస్తా, ఇంత ఇవ్వండి అంటే వాడు దొంగ. చేరడానికి రూపాయి కట్టక్కర్లేదు.

సింగరాయకొండ_సూటిమాట:
అంతా బాగా చెప్పారు సార్, కానీ మనవాళ్ల భయం ఊరికే రాలేదు. ఖమ్మం జిల్లాలో 2009లో గిరిజన ఆడపిల్లలకి హెచ్‌పీవీ వ్యాక్సిన్, అదే గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ రాకుండా వేసేది, అధ్యయనం పేరుతో వేసినప్పుడు ఏం జరిగింది? తల్లిదండ్రుల బదులు హాస్టల్ వార్డెన్లు సంతకాలు పెట్టారు. పేదోళ్ల బిడ్డలు కాబట్టే కదా. ఆ పెద్దాయన వద్దంటున్నాడంటే మూర్ఖత్వం కాదు, అనుభవం. చెన్నైలో ఏసీ రూములో కూర్చుని ఫారం చదివి వినిపిస్తే, బిడ్డ బతికితే చాలు అనుకునే తండ్రి దేనికైనా సంతకం పెడతాడు. దాన్ని ఒప్పుకోవడం అంటారా?

బుచ్చి_రీసెర్చ్:
అన్నా, మీరు చెప్పింది నిజం, దాన్ని నేను కాదనను. ఆ అధ్యయనాన్ని 2010 ఏప్రిల్‌లో ఆపేశారు. అందులో ఉన్న పిల్లలు కొందరు చనిపోయారు, విచారణలో ఆ మరణాలకి వ్యాక్సిన్ కారణం కాదని తేలింది, కానీ సమ్మతి తీసుకున్న తీరు తప్పని పార్లమెంటు కమిటీ గట్టిగానే తప్పుపట్టింది. సుప్రీంకోర్టు దాకా పోయింది. ఆ గొడవల తర్వాతే నిబంధనలు బిగించారు, 2019లో కొత్త రూల్స్ కూడా వచ్చాయి. పూర్తిగా కొత్త మందు అయితే, బలహీన స్థితిలో ఉన్నవాళ్ల దగ్గర సమ్మతి తీసుకునేటప్పుడు వీడియో రికార్డు చేయాలి. ట్రయల్ వల్ల హాని జరిగితే వైద్యం ఉచితం, నష్టపరిహారం ఇవ్వాలి.

ఇక్కడ ఒక మెలిక ఉంది, అది కూడా చెప్పేస్తా. పాత మందుల మీద ఆస్పత్రులే సొంతంగా చేసే ట్రయల్స్‌కి ఎథిక్స్ కమిటీ అనుమతి చాలు, ప్రతిసారీ ఢిల్లీలోని డ్రగ్ కంట్రోలర్ అనుమతి అక్కర్లేదు. కాబట్టి పరిహారం ఎవరు ఇస్తారు, ఇన్సూరెన్స్ ఉందా అన్నది ఫారంలో ఏం రాశారో చూసి, రాయకపోతే నోరు తెరిచి అడగాలి. మీరన్న బలవంతపు ఒప్పుకోలుకి నాకు తెలిసిన విరుగుడు ఒక్కటే, ఆలోచించుకోవడానికి టైం ఇవ్వడం. ఫారం ఇంటికి తీసుకెళ్లి చదువుకుంటాం అంటే ఇవ్వాలి. వీళ్లకి సోమవారం దాకా ఇచ్చారు, ఇండక్షన్ మొదలైంది కాబట్టి అంతకన్నా ఎక్కువ ఇవ్వలేరు.

నెల్లూరు_కెమిస్ట్రీ_మాస్టారు:
ఒక్క మాట. ఆ పిల్లవాడికి వెన్నులో ఎక్కించే మెథోట్రెక్సేట్ మన తెలుగువాడి చలవే. భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావుగారు అమెరికాలో లెడర్లీ కంపెనీలో ఉండగా ఆయన బృందం అమినాప్టెరిన్ తయారుచేసింది. బోస్టన్‌లో సిడ్నీ ఫార్బర్ దాన్ని లుకేమియా పిల్లలకి ఇచ్చి చూసి 1948లో ప్రచురించాడు, 16 మందిలో 10 మందికి గుణం కనిపించింది, కొన్నాళ్లకే అయినా. దాని తమ్ముడే మెథోట్రెక్సేట్. అంతకుముందు ఈ జబ్బుకి వారాల్లో, నెలల్లో ప్రాణం పోవడమే. ఇప్పుడు ధనిక దేశాల్లో పదిమందిలో తొమ్మిదిమంది పిల్లలు బతుకుతున్నారంటే, కొత్త మందులు వచ్చినందుకు సగమే, ఉన్న మందుల్ని ఎంత, ఎప్పుడు, ఏ వరసలో ఇవ్వాలో ట్రయల్ తర్వాత ట్రయల్ పెట్టి సవరించుకుంటూ వచ్చినందుకు మిగతా సగం. సింగరాయకొండ తమ్ముడి కోపం నాకూ ఉంది, కానీ కోపం వార్డెన్ సంతకం మీద ఉండాలి, ట్రయల్ మీద కాదు.

గూడూరు_శ్రీను:
బ్రో, స్టెరాయిడ్ గొడవ ఎందుకు, కార్-టీ అని వచ్చింది కదా, మన ఇండియాలోనే చేస్తున్నారు. ఒక్క డోసుతో క్యాన్సర్ మాయం అని వాట్సాప్‌లో తిరుగుతోంది. దాని ట్రయల్‌లో చేర్పించండి.

బుచ్చి_రీసెర్చ్:
శ్రీనూ, అది నిజమే కానీ వీళ్లకి కాదు. ఐఐటీ బాంబే, టాటా మెమోరియల్ వాళ్ల పరిశోధన నుంచి వచ్చిన నెక్స్‌కార్19కి 2023 అక్టోబర్‌లో అనుమతి వచ్చింది. పేషెంటు టీ కణాల్నే, అంటే రోగనిరోధక కణాల్నే, బయటికి తీసి, సీడీ19 అనే గుర్తు ఉన్న బి కణాల్ని పట్టుకునేలా మార్చి మళ్లీ ఎక్కిస్తారు. విదేశాల్లో కోట్లు అయ్యేది ఇక్కడ లక్షల్లోకి వచ్చింది, అదీ చిన్న మొత్తం కాదు. కానీ అనుమతి 15 ఏళ్లు నిండినవాళ్లకి, అదీ జబ్బు తిరగబెట్టినా మామూలు మందులకి లొంగకపోయినా. ఏడేళ్ల పిల్లవాడికి మొదటిసారి వచ్చినప్పుడు మామూలు కీమోతోనే నయమయ్యే అవకాశం ఎక్కువ.

ఇంకో మందు బ్లినాటుమొమాబ్ పేరు వినే ఉంటారు. స్టాండర్డ్ రిస్క్, అంటే ప్రమాదం మరీ ఎక్కువ లేని, బి ఏఎల్ఎల్ పిల్లల్లో కీమోకి దాన్ని కలిపి అమెరికా, కెనడా, ఆస్ట్రేలియా, న్యూజిలాండ్‌లో చేసిన ట్రయల్ ఫలితాలు 2024 చివర్లో వచ్చాయి. మూడేళ్లకి జబ్బు లేకుండా ఉన్నవాళ్లు కీమో ఒక్కటే అయితే 87.9 శాతం, ఇది కలిపితే 96 శాతం. తేడా అంత స్పష్టంగా ఉండడంతో రెండు గుంపులుగా విడదీయడం ముందే ఆపేశారు. ఖరీదు మాత్రం మన సామాన్యుడికి అందేది కాదు, పైగా 28 రోజులు ఆగకుండా పంపుతో ఎక్కాలి. చిన్నోడూ, మీ డాక్టర్ని అడగాల్సింది వేరే ఉంది. ఇండక్షన్ చివర్లో ఎంఆర్‌డీ పరీక్ష, అంటే మిగిలిపోయిన క్యాన్సర్ కణాల్ని వెతికే పరీక్ష, చేస్తారా అని. పదివేల కణాల్లో ఒక్క చెడ్డకణం మిగిలినా పట్టేస్తుంది, తర్వాత వైద్యం ఎంత గట్టిగా ఉండాలన్నది చాలావరకు దాని మీదే ఆధారపడుతుంది.

కావలి_చిన్నోడు:
అందరికీ దండాలు. నిన్న మా అన్న, వదిన, నేను ఫారం పట్టుకుని డాక్టరమ్మ దగ్గర కూర్చున్నాం. నాయన్ని కూడా వీడియో కాల్‌లో పెట్టాం. సీటీఆర్ఐ నంబరు ఉంది, నేను కొట్టి చూశా, వచ్చింది. ఎంఆర్‌డీ రెండు గుంపులకీ చేస్తారట, దానికి డబ్బు తీసుకోరట. మధ్యలో ఇన్ఫెక్షన్ వస్తే స్టెరాయిడ్ సంగతి డాక్టర్లే చూసి మార్చే వీలుంది, కంప్యూటర్ చెప్పింది కదా అని మొండిగా పోరు. నష్టపరిహారం గురించి ఫారంలో ఒక్క వాక్యమే ఉంది, ఇన్సూరెన్స్ పేపరు చూపించమని అడిగా, డాక్టరమ్మ ఏమీ అనుకోలేదు, తెప్పించి చూపించింది. నాయన అన్నిటికీ తల ఊపి చివర్లో 'మీ సొంత బిడ్డయితే చేరుస్తావా అమ్మా' అని అడిగాడు. ఆమె 'చేరుస్తాను, కానీ మీరు వద్దన్నా ఈ పిల్లోణ్ణి నేనే చూస్తాను' అంది. అన్న సంతకం పెట్టాడు. నాయన ఇంకా మొహం ముడుచుకునే ఉన్నాడు గానీ ఏమీ అనలేదు.

ఇంకో ప్రశ్న. కావలి నుంచి రానుపోను చార్జీలకే అయిపోయేట్టుంది. ఉండటానికి గది కూడా చూడాలి. ఏమైనా దారి ఉందా?

ఒంగోలు_అమ్మ:
ఉంది తమ్ముడూ. రైల్వేలో క్యాన్సర్ పేషెంట్లకి రాయితీ ఉంది. స్లీపర్, థర్డ్ ఏసీలో పేషెంటుకి టికెట్ ఫ్రీ, తోడు వెళ్లే ఒక్కరికి 75 శాతం తగ్గింపు. పినాకిని లాంటి పగటి బండిలో కూర్చుని పోతే ఇద్దరికీ 75 శాతం. ఆస్పత్రిలో రైల్వే ఫారం మీద డాక్టరు సంతకం, స్టాంపు వేయించుకుని స్టేషన్ కౌంటర్లో ఇవ్వాలి. రక్తకణాల కౌంట్లు పడిపోయి ఉన్న రోజుల్లో మాత్రం రైలెక్కించొద్దు, అప్పు చేసైనా కారు మాట్లాడుకోండి. గదికైతే సెయింట్ జూడ్ ఇండియా వాళ్ల సెంటర్ చెన్నైలో ఉంది, వైద్యం చేయించుకునే పిల్లలకి, అమ్మానాన్నలకి ఉచితంగా ఉండనిస్తారు. నేరుగా పోతే తీసుకోరు, ఆస్పత్రి సోషల్ వర్కర్ రాసి పంపాలి. సోమవారం పొద్దున్నే ఆమెని కలవండి, గదులు తొందరగా నిండిపోతాయి. ఎన్టీఆర్ వైద్య సేవ కార్డు కూడా అప్పుడే చూపించి, ఆ ఆస్పత్రికి వర్తిస్తుందో లేదో కనుక్కోండి. వర్తించకపోతే బిల్లులన్నీ ఒక సంచిలో దాచిపెట్టండి, ముఖ్యమంత్రి సహాయనిధికి పెట్టుకోవడానికి పనికొస్తాయి.