చైనాలో పేదరికం తగ్గింది మార్కెట్ వల్లా, సర్కారు వల్లా?

ప్రశ్న

1981లో చైనా జనాభాలో 88 శాతం మంది రోజుకు 1.90 డాలర్ల పేదరిక రేఖకు దిగువన ఉండేవారని, నలభై ఏళ్లలో దాదాపు 80 కోట్ల మంది దాన్ని దాటారని ప్రపంచ బ్యాంకు లెక్క. పెట్టుబడిదారీ విధానం గెలిచిందని కొందరంటారు. పల్లెల్లో భూమి ఇప్పటికీ ఎవరి సొంతమూ కాదు కదా అని ఇంకొందరంటారు. 1978-84 మధ్య అసలు మారిందేమిటి? ఏ మార్పు వాటా ఎంత? లెక్కలతో చెప్పగలరా?

జవాబు 1

మార్కెట్, సర్కారు అన్న పేర్లను కాసేపు పక్కన పెట్టి, అదనంగా పండిన చివరి బస్తా ఎవరి గాదెకు చేరేదో చూడండి.

కమ్యూన్ (ఉమ్మడి సేద్యం) రోజుల్లో ఇరవై ముప్పై కుటుంబాలు ఒక బృందంగా సేద్యం చేసేవి. రోజు పనికి మార్కులు వేసేవారు. బలమైన మగవాడికి పది, ఆడవాళ్లకు ఏడో ఎనిమిదో. లెవీ, విత్తనాలు, ఊరి నిధులు పోగా మిగిలినదాన్ని బట్టి మార్కు విలువ ఏడాది చివర తేలేది. కలుపు వేళ్లతో సహా తీసినా, పైపైన గీకి వచ్చినా అవే పది మార్కులు. ఎవరు శ్రద్ధగా చేశారో కోతల దాకా తెలియదు, గట్టు మీద మేస్త్రీ నిలబడినా కనిపెట్టలేడు. పైగా ఒకరి కష్టంతో వచ్చిన బస్తాను ముప్పై ఇళ్లు పంచుకోవాలి.

1978 చివర్లో అన్హుయి రాష్ట్రంలోని షియావ్‌గాంగ్ ఊళ్లో 18 మంది రైతులు రహస్యంగా వేలిముద్రలు వేసి, పొలాన్ని ఇళ్లవారీగా పంచుకున్నారు. సర్కారు లెవీ కట్టాలి, ఊరి వాటా ఇవ్వాలి, ఆపైన పండినదంతా ఆ ఇంటిదే. మన రైతుల భాషలో ఇది మక్తా కౌలు, అంటే ముందే ఖరారైన కౌలు, కాకపోతే భూస్వామి స్థానంలో ఊరు ఉంది. పంటను పంచుకునే పాలు పద్ధతిలో అదనపు బస్తాలోనూ భూస్వామికి వాటా పోతుంది, మక్తాలో అది పూర్తిగా రైతుదే. 1981 చివరికి 45 శాతం బృందాలు, 1983కి 98 శాతం ఈ దారికి వచ్చాయి.

1979లో ధాన్యం లెవీ ధరను కూడా 20 శాతం పెంచారు. లెవీకి మించి అమ్మినదానికి ఆ కొత్త ధర మీద మరో 50 శాతం ఇచ్చారు. 1978లో 30.5 కోట్ల టన్నులున్న ధాన్యం దిగుబడి 1984కి 40.7 కోట్లకు చేరింది. రాష్ట్రాలు ఈ పద్ధతికి వేర్వేరు ఏళ్లలో మారాయి. ఆ తేడాలనే ఆధారం చేసుకుని ఆర్థికవేత్త జస్టిన్ యిఫు లిన్ 1992లో లెక్క కట్టారు. పంటల ఉత్పత్తి పెరుగుదలలో దాదాపు సగం ఇంటి కౌలుదని, సుమారు మూడో వంతు ఎరువులదని తేల్చారు.

జవాబు 2

ఆ మూడో వంతును తేలిగ్గా తీసేయకండి. 1978లో 88 లక్షల టన్నులున్న ఎరువుల వాడకం 1984కి 174 లక్షల టన్నులైంది. ఇంత యూరియా ఎక్కడిది? 1970ల మొదట్లో ప్రభుత్వం విదేశాల నుంచి 13 భారీ అమ్మోనియా-యూరియా ఫ్యాక్టరీలు కొంది. అవి పూర్తి ఉత్పత్తికి వచ్చేసరికి కౌలు సంస్కరణ మొదలైంది. శాస్త్రవేత్త యువాన్ లాంగ్‌పింగ్ రూపొందించిన హైబ్రిడ్ వరి 1976 నుంచే పొలాల్లోకి వచ్చింది. 1950ల మొదట్లో అయిదో వంతు కూడా లేని సాగునీటి వసతి 1978 నాటికి సుమారు 45 శాతం భూమికి అందింది. నీళ్లూ ఎరువూ లేని పొలాన్ని మక్తాకిస్తే రైతు ఏం పండిస్తాడు?

అలాగని సర్కారుకు కితాబు ఇచ్చేయడమూ తప్పే. దొంగ దిగుబడి అంకెలు నమ్మి ధాన్యం లాక్కెళ్లి, 1959-61 కరవులో కోట్ల మంది చావుకు కారణమైంది ఆ సర్కారే.

ప్రశ్న అడిగినవారు

మరి 1985లో ధాన్యం 37.9 కోట్ల టన్నులకు పడిపోయిందేం? కౌలు పద్ధతి మారలేదు కదా?

జవాబు 1 రాసినవారు

నా వాదనకు అసలు పరీక్ష అదే. లెవీ ధర 100 అనుకుంటే, దాన్ని మించిన ధాన్యానికి 150 వచ్చేది. 1985లో ఆ రెండు ధరలు తీసేసి, 30 శాతం పాత లెవీ ధరకు, 70 శాతం పై ధరకు కలిపి ఒకే ధర కట్టారు: 30 + 105 = 135. లెవీ వరకే అమ్మేవాడికి లాభమే. కానీ చివరి బస్తా ధర 150 నుంచి 135కి దిగింది. రైతులు వరి, గోధుమ తగ్గించి వేరే పంటలకు, ఊరి ఫ్యాక్టరీలకు మళ్లారు. ఆ ఏడు వాతావరణం కూడా కలిసిరాలేదు కాబట్టి తప్పంతా ధరదే అనను. 1984 నాటి స్థాయిని మళ్లీ అందుకుంది 1989లోనే.

ఈ మళ్లడం వల్ల జనం పేదలు కాలేదన్నది గమనించాలి. 1978లో ఊరి పరిశ్రమల్లో 2.8 కోట్ల మంది పనిచేసేవారు, 1996కి 13.5 కోట్లయ్యారు. షెన్‌జెన్ ప్రత్యేక ఆర్థిక జోన్‌లోని ఎగుమతుల ఫ్యాక్టరీల గురించే అందరూ మాట్లాడతారు గానీ, ఆ జోన్ 1980లో చిన్నగా మొదలైంది. పేదరికానికి తొలి పెద్ద దెబ్బ పొలంలోనే పడింది.

జవాబు 3

88 శాతం అన్న అంకెను కూడా జాగ్రత్తగా వాడండి. దేశాల మధ్య ధరల పోలిక సర్వేలో చైనా చేరిందే 2005లో, అదీ 11 నగరాల ధరలతో. 1.90 డాలర్ల రేఖ 2011 సర్వే ధరలది, దాన్ని ముప్పై ఏళ్లు వెనక్కి లెక్కించారు. 1981లో పట్నవాసికి తిండిగింజలు రేషన్‌లో చవకగా దొరికేవి, ఆ మేలు డాలర్ రేఖలో సరిగ్గా కనపడదు. కనీస అవసరాల బుట్ట ధరతో లెక్కించినవారికి 1980ల పేదరికం చాలా తక్కువగానూ, 1990ల్లో పెరిగినట్టుగానూ వచ్చింది. 1978-84లో పల్లెల ఆదాయం పెరిగిందన్నది మాత్రం ఏ కొలతలోనూ చెరిగిపోదు: తలకు ఏడాదికి 134 యువాన్ల నుంచి 355కి. ధరల పెరుగుదల తీసేసినా అది పెద్ద మార్పే.

కొలత ఎంత తేడా తెస్తుందో మన దేశంలోనే చూడొచ్చు. 2011-12లో 1.90 డాలర్ల రేఖ కింద 21.2 శాతం మంది అని వచ్చింది. అదే ఏడు, అదే రేఖ. కొన్ని తిండి వస్తువుల ఖర్చును 30 రోజులకు బదులు 7 రోజులకు గుర్తు చేసుకోమని, బట్టల్లాంటివి ఏడాదికి అడిగితే అది 12.4 శాతం అయింది.